వంటపాత్రలు – పూజాపాత్రలు

ఏలూరునుండి తాడేపల్లిగూడెము పోవు రహదారిపై నడుమ తగులు గ్రామము గుండుగొలను. పేరులోనే కొలను ఉన్నది. ఉత్తరమున మెట్ట, దక్షిణమున భూమి క్రమక్రమముగా పల్లమగును. వరిచేలు చేపల చెరువులై, చెరువులు కొల్లేరై పోవును. ఈ మెట్టకును పల్లమునకును నడుమనున్న పల్లెలలో కతోలిక కుటుంబముల పాత తరమువారి పేర్లు ఆలకించినచో ఒక విశేషము తోచును. రాయప్ప, చిన్నప్ప, జోజప్ప. దక్షిణదేశమున పూర్వము పనిచేసిన గురువులు అర్థము చూచి తీర్చిన పేర్లివి. పేతురు అనగా రాయి గనుక రాయప్ప. పౌలు అనగా చిన్నవాడు గనుక చిన్నప్ప. యోసేపు పేరు నోట నలిగి జోజప్ప అయినది.

ముగ్గురును చేతిపనివారే. రాయప్ప వలవేసి చేపలు పట్టినవాడు. చిన్నప్ప ధర్మశాస్త్రము చదివిన పండితుడై యుండియు డేరాలు కుట్టి పొట్టపోసికొన్నవాడు. జోజప్ప వడ్రంగి. తాటిదోనెలో పోయి కొల్లేటిలో మావులు పెట్టివచ్చు మనిషికి రాయప్ప ఎట్టివాడో వేరుగా చెప్పనక్కరలేదు. ఆ మనిషి తన బిడ్డకు ఆ పేరు పెట్టుకొనుటలో భక్తి ఎంత ఉన్నదో చుట్టరికము అంత ఉన్నది.

పరిశుద్ధుడు అనగానే మన మనస్సులో మెదలు బొమ్మ వేరు. కొండగుహ, మూసిన కన్నులు, లోకమునకు విముఖమైన జీవితము. క్రైస్తవ లోకమునందును అట్టి తాపసులు లేకపోలేదు. 4వ శతాబ్దమున ఈజిప్టు ఎడారులలో వారు పెక్కుమంది ఉండిరి. అయితే ఆ ఎడారి మునులు సైతము ఖర్జూరపుటాకులతో బుట్టలు, చాపలు అల్లుచు జపము చేసెడివారు. అల్లినవి అమ్మి తిని, మిగిలినది బీదలకు ఇచ్చెడివారు. మన పల్లెలలో తుంగచాప అల్లుకొనుచు జపమాల వల్లించు ముదుసలిని వారు చూచియున్నచో తమలో ఒకతెగానే ఎంచియుందురు.

ఈ భావమునకు వేరు సువార్తల కథలోనే ఉన్నది. యేసు ఊరూర తిరిగి బోధించిన కాలము సుమారు 3 ఏండ్లు. అంతకు పూర్వము సుమారు 30 ఏండ్లు నజరేతు అను చిన్న ఊరిలో గడచినవి. ఆ 30 ఏండ్లను గూర్చి సువార్తికులు వ్రాసినది బహుస్వల్పము. వ్రాయదగిన ఘటనలు లేకుండుటయే ఆ కాలపు లక్షణము కాబోలు. పీటలు చెక్కుట, తలుపులు బిగించుట, కొలతలు చూచుట. బోధకుడై స్వగ్రామమునకు వచ్చిన నాడు ఊరివారు ఆ మాటలకు అబ్బురపడి, వెంటనే కొయ్యపనివాడు గదా అని పెదవి విరిచినారని మార్కు సువార్త 6వ అధ్యాయము చెప్పుచున్నది. గ్రీకు మూలమున అచ్చట వాడిన మాట ‘తెక్తోన్’. కొయ్యపనియు, కట్టుబడిపనియు చేయు పనివాడని దాని అర్థము. చులకనగా పలికిన ఆ మాటను సువార్త దాచిపెట్టలేదు. దేవుని కుమారుడని తాము నమ్మిన వానిని పనివాడని ఊరు ఈసడించినదని వ్రాసిపెట్టినారు. కతోలిక సంప్రదాయములో చిన్నపనికి కలిగిన గౌరవమంతయు ఆ ఈసడింపును దాచక ఒప్పుకొనుటనుండి పుట్టినదని నా అభిప్రాయము.

ఆ గౌరవమును నిత్యజీవితపు కట్టుబాటుగా మార్చినవాడు ఇటలీ దేశపు పునీత బెనెడిక్టు. 6వ శతాబ్దమున ఆయన తన మఠవాసులకై వ్రాసిన నియమావళిలో 73 అధ్యాయములున్నవి. ప్రార్థనావిధులకు ఎంత శ్రద్ధ చూపినాడో కొఠారుకు, వంటయింటికి, పనిముట్లకు అంత శ్రద్ధ చూపినాడు. 31వ అధ్యాయములో కొఠారు చూచు సోదరునికి ఒక ఆదేశమున్నది: మఠములోని సామానునంతటిని, పనిముట్లనన్నిటిని, బలిపీఠముపై ఉండు పవిత్రపాత్రలతో సమానముగా చూడవలెను. గరిటె, గడ్డపార, నీళ్ళబాన, అన్నియు. మన ఇండ్లలో దసరానాడు పనిముట్లకు పసుపు కుంకుమ పెట్టుట ఎరిగినవారికి ఈ భావము కొత్తగా తోచదు. అయితే బెనెడిక్టు దానిని ఏడాదికొకనాటి పండుగగా గాక ప్రతిదినపు మర్యాదగా విధించినాడు.

అంతకంటె నన్ను ఆకర్షించినది 35వ అధ్యాయము. వంటపని వారమునకొకరి వంతు. రోగులకును, ముఖ్యమైన పనిలో చిక్కుకొన్నవారికిని తప్ప ఎవ్వరికిని మినహాయింపు లేదు. వంతు ముగించువాడు శనివారమునాడు తువాళ్ళు ఉతికి, పాత్రలు శుభ్రముచేసి, లెక్కప్రకారము అప్పగించవలెను. అతడును, మరునాడు వంతునకు రాబోవువాడును కలిసి అందరి పాదములు కడుగవలెను. ఆ మఠములలో రోము నగరపు పెద్ద వంశములవారు ఉండిరి, బానిసలుగా పుట్టినవారును ఉండిరి. పుట్టుకను బట్టి హెచ్చుతగ్గులు చూపరాదని నియమావళి తేటగా చెప్పుచున్నది; ముందు చేరినవాడు ముందు, వెనుక చేరినవాడు వెనుక. అనగా ప్రభువంశపువాడు బానిస కొడుకు కాళ్ళు కడుగు శనివారము ఒకటి తప్పక వచ్చును. పని పవిత్రమని చెప్పుట సులువు. వంతు వేయుట కష్టము. బెనెడిక్టు గొప్పతనము వంతు వేయుటలో ఉన్నది.

తరువాతి శతాబ్దములలో ఈ మార్గమున నడచినవారు అనేకులు. 16వ శతాబ్దపు స్పెయిన్‌లో అవిలాపురి తెరేజమ్మ తన కన్యస్త్రీలను హెచ్చరించినది: వంటయింటి పని పడినపుడు దిగులు చెందరాదు, కుండల నడుమను చట్టుల నడుమను ప్రభువు సంచరించుచునే యున్నాడు. 17వ శతాబ్దమున పారిస్ నగరపు కార్మెల్ మఠములో లారెన్సు అను సోదరుడు వంటవాడుగా ఉండెను. మొదట సైనికుడు, గాయపడి కుంటివాడైనాడు. ఒక ధనికుని ఇంట సేవకుడుగా కుదిరి, చేతికందినదెల్ల పగులగొట్టు మొద్దుతనము తనదని తానే నవ్వుకొన్నవాడు. వంటపని అతనికి సహజముగా ఇష్టము లేనిది. ఇష్టములేని ఆ పనినే దేవునితో సంభాషించుచు చేయుట నేర్చుకొన్నాడు. గిన్నెల చప్పుడులో ఉన్నప్పుడును, గుడిలో మోకరించినప్పుడును తనకు భేదము లేదని చెప్పెడివాడు. 1691లో అతడు చనిపోయిన పిమ్మట ఆ మాటలను, ఉత్తరములను ఒక గురువు ప్రకటించినాడు. వంటవాని మాటలు నేటికిని పెక్కు భాషలలో చదువబడుచున్నవి.

మన తెలుగు కతోలికులు ముద్దుగా చిన్న తెరేజమ్మ అని పిలుచుకొను లిసియూ తెరేజమ్మ కథ మరింత చిన్నది. 1873లో జననము, 1897లో క్షయవ్యాధితో మరణము; 24 ఏండ్లు. మఠము గడప దాటి చేసిన ఘనకార్యము ఒకటియు లేదు. బట్టలుతుకు చోట ఎదుటి సోదరి ఏమరుపాటున మురికినీళ్ళు ఆమె ముఖముపై చిందించుచుండగా, మొదట వెనుకకు తగ్గబోయి, ఆ పిమ్మట ముఖము తుడుచుకొనకనే ఉతుకుట సాగించినదట. ఆత్మకథలో ఆమె చెప్పుకొన్న ‘గొప్ప’ సంఘటనలు ఈ మాదిరివే. అట్టి స్త్రీని 1927లో 11వ పియూసు పోపుగారు, సముద్రములు దాటి వేలమైళ్ళు తిరిగిన ఫ్రాన్సిస్ శౌరితో సమముగా, ప్రపంచ మిషన్లకు పాలకపునీతగా ప్రకటించినారు. 1997లో వేదపండితుల శ్రేణిలో చేర్చినారు. మురికినీటికి ముఖము తిప్పుకొనని పిల్లకు పండితపీఠము.

ఇంతవరకు చదివిన ఉపాధ్యాయులలో ఎవరికైనను మహాభారతము జ్ఞాపకము రాకమానదు. అరణ్యపర్వములోని కౌశికుడు తపశ్శక్తి గర్వముతో బయలుదేరి, ఒక గృహిణివలన భంగపడి, ఆమె పంపగా మిథిలకు పోయి, మాంసము అమ్ముకొను ధర్మవ్యాధునికడ ధర్మము వినెను. తిరుమలకొండ దిగువ మట్టిపూవులతో స్వామిని పూజించిన కుమ్మరి భీముని కథ మన పిల్లలందరు విన్నదే. పాల్కురికి సోమనాథుని బసవపురాణములో మడివాలు మాచయ్య, మాదర చెన్నయ్య, కుమ్మరి గుండయ్య మహాభక్తులై వెలయుచున్నారు. చాకలి, చర్మకారుడు, కుమ్మరి. చేతిపనివానిలో దైవమును చూచు కన్ను తెలుగువానికి ఎవరో పరదేశులు వచ్చి తెరిపింపవలసినది కాదు.

చిక్కంతయు కథకును కాపురమునకును నడుమ ఉన్నది. పురాణములో మాదర చెన్నయ్యకు మ్రొక్కినవారి ఊరిలోనే మాదిగపేట ఊరిబయట ఉన్నది. ఏలూరు, కొల్లేరు ప్రాంతముల క్రైస్తవులలో అధికసంఖ్యాకులు మాల మాదిగ పేటలనుండి వచ్చినవారే. 19వ శతాబ్దమున మిలాను గురువులు ఈ సీమకు వచ్చినపుడు, 1937లో బెజవాడ పీఠము ఏర్పడినపుడు, దానినుండి 1976లో ఏలూరు పీఠము వేరుపడినపుడు, పేటలలోని పని మారలేదు: ఆకుమడిలో నారు పీకుట, ఊడ్పులు, కలుపు, కోత, కుప్పనూర్పు. సార్వా అయిన పిదప దాళ్వా. ఇటువంటివారికి చిన్నపని పవిత్రమని బోధించినచో ఏమగును? ఇది లోతుగా ఆలోచింపవలసిన ప్రశ్న. ఎందుకనగా వంగిన నడుముతో ఉన్న మనిషిని ఓదార్చుటకు ఎంత అనువైనదో, ఆ నడుమును వంగియే ఉంచుటకు అంత అనువైనది ఈ బోధ.

బెజవాడ విల్సన్ కోలారు బంగారుగనులలో పారిశుధ్యపు పనికి కట్టుబడిన తెలుగు దళిత కుటుంబమున పుట్టినవాడు. తరతరములుగా తనవారు మలము ఎత్తి బుట్టలో మోసిన పనిని దేశమునుండియే తొలగింపవలెనని సఫాయి కర్మచారి ఆందోళన్ నడిపినందులకు 2016లో ఆయనకు మెగసెసే పురస్కారము లభించినది. బుట్ట మోయువానిని పొగడుట కాదు, బుట్టను తీసివేయుట ఆ ఉద్యమపు కోరిక. చేతులతో మలమెత్తించుటను నిషేధించుచు 1993లో ఒక చట్టము, 2013లో మరింత గట్టిది వచ్చినవి. ఈ పనికి పవిత్రత అంటగట్టబూనువారు ఎవరైనను, ఏ మతమువారైనను, ముందుగా ఈయన ఎదుట నిలిచి మాటాడవలెను. పవిత్రమైన పని వేరు; ఒకరి పుట్టుకను బట్టి వారి నెత్తికెత్తిన అవమానము వేరు.

కతోలిక సంప్రదాయము ఈ భేదమును ఎరుగకపోలేదు. యాకోబు లేఖ 5వ అధ్యాయములో, పొలము కోసినవారికి బిగపట్టిన కూలి తానే గొంతెత్తి మొరపెట్టుచున్నదని, కోతవారి కేకలు దేవుని చెవిని పడినవని హెచ్చరిక ఉన్నది. 13వ లియో పోపుగారు 1891లో వెలువరించిన లేఖ ‘రేరుమ్ నొవారుమ్’, ఉభయులు ఒప్పుకొన్న కూలి అయినంతమాత్రాన న్యాయమైన కూలి కాదనియు, పనివాని పొట్ట గడచుటకు చాలునదిగా ఉండవలెననియు వాదించినది. 12వ పియూసు పోపుగారు 1955లో, లోకమంతట కార్మికులు తమ దినముగా జరుపుకొను మే 1వ తేదీని శ్రామికుడైన జోజప్పగారి పండుగ చేసినారు. 1981లో 2వ జాన్ పాల్ పోపుగారు ‘లబోరెమ్ ఎక్సెర్చెన్స్’ అను లేఖలో ఒక అడుగు ముందుకు పోయినారు. పని విలువ ఆ పని ఏ జాతిది అనుదానినిబట్టి నిర్ణయము కాదు, చేయువాడు మనిషి అగుటచేత కలుగును అని ఆ లేఖ సారాంశము. ఇది పుస్తకముల చదువుతో వచ్చిన మాట కాదు. 1940నుండి 1944వరకు, జర్మనుల ఆక్రమణలోనున్న పోలండ్‌లో, ఆయన రాతిగనిలోను, రసాయన కర్మాగారములోను కూలివాడుగా పనిచేసినారు.

మత్తయి సువార్తలోని ద్రాక్షతోట కథ ఇచ్చట చెప్పక తీరదు. యజమాని తెల్లవారగనే అంగడివీధికి పోయి కూలీలను కుదుర్చుకొనును. మరల పొద్దెక్కిన పిమ్మట, మధ్యాహ్నము, సాయంకాలము పోయి, ఇంకను నిలిచియున్నవారిని పిలుచుకొనివచ్చును. చివరివారు ఎవ్వరును పిలువకపోవుటచే నిలిచియుండిరి. పొద్దుగూకిన తరువాత అందరికిని ఒకే కూలి ఇచ్చును. తెల్లవారుజామున ఏలూరులోగాని, తాడేపల్లిగూడెములోగాని కూలీలు గుమిగూడు కూడలిని చూచినవారికి ఈ కథ వ్యాఖ్యానము లేకయే బోధపడును. పది గంటలైనను పిలుపురాని మనిషి ఇంటివద్ద కూడ పొయ్యి ఉన్నది, పిల్లలున్నారు. ఈ కథలోని మాటనే జాన్ రస్కిన్ తన గ్రంథమునకు పేరుగా పెట్టుకొన్నాడు. 1904లో దక్షిణాఫ్రికాలో రైలుప్రయాణమున దానిని చదివిన గాంధీజీకి ఆ రాత్రి నిద్రపట్టలేదు. న్యాయవాది పనికిని క్షురకుని పనికిని ఒకే విలువ అనునది ఆయన అందుండి గ్రహించిన సంగతులలో ఒకటి. 1908లో గుజరాతీలో సంగ్రహించి ‘సర్వోదయ’ అని పేరు పెట్టినారు. సర్వోదయము అను మాట మన దేశమున ఇంత ప్రచారము పొందుటకు మూలమున, ద్రాక్షతోట గట్టున ఆలస్యముగా వచ్చి నిలిచిన ఆ కూలీలున్నారు.

పాఠశాలలకు వత్తము. ప్రభుత్వ పాఠశాలలలో మధ్యాహ్న భోజన పథకమునకు 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినది. 1841నుండి 1909వరకు జీవించిన ఈ తల్లి గోదావరీ లంకలలో, వేళకాని వేళ వచ్చిన వారికైనను, ఏ కులమువారికైనను, వండి వడ్డించిన గృహిణి. పేరు సముచితమే. అయితే ఆ పేరున నేడు వండుచున్న స్త్రీల మాట? వారికి నెలకు ముట్టునది 2019లో 1000 రూపాయలనుండి 3000 రూపాయలకు పెరిగినది. దానికి పేరు గౌరవవేతనము. తక్కువ ఇచ్చినప్పుడెల్ల మనము గౌరవము అను మాటను ముందు చేర్చుట అలవాటు చేసికొన్నాము. ఆలయములోను, బడిలోను, ఆఫీసులోను ఇదే తీరు. 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, ఈ వంటవారి నియామకములో దళిత, గిరిజనులకు ప్రాధాన్యము ఇవ్వవలెనని ఆదేశించినది. 2021 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని చంపావత్ జిల్లాలో ఒక పాఠశాలలో దళిత స్త్రీ వండినదని కొందరు పిల్లలు అన్నము ముట్టక పోయినారు. పిల్లలకు ఆ చదువు ఏ పుస్తకము చెప్పినది? బెనెడిక్టు వంతు ఎందుకు వేసినాడో ఇచ్చట తెలియును. ఒక్క వారము తామే వండి, గంజి వార్చి, అండాలు తోమిన పిల్లలు మరునాడు ఆ ప్రశ్న వేయుట కష్టము.

విద్యాసంస్థకు సంబంధించిన మరియొక పునీతుని కథ నాకు మిక్కిలి ప్రియమైనది. స్పెయిన్ దేశపు సెగోవియా నగరమున అల్ఫోన్సు రొడ్రిగెజు అను ఉన్నివర్తకుడు ఉండెను. భార్య, బిడ్డలు చనిపోయినారు, వ్యాపారము దెబ్బతినెను. యేసుసభలో గురువుగా చేరుటకు తగిన చదువు లేదు. కడకు సహాయ సోదరుడుగా చేర్చుకొని మజోర్కా ద్వీపములోని కళాశాలకు పంపినారు. అచ్చట దశాబ్దములపాటు ఆయన చేసిన పని తలుపు తీయుట. ఉత్తరములు అందించుట, వచ్చినవారిని కూర్చుండబెట్టుట, పిలిచిన వారికొరకు పోయి వెదకుట, బీదలకు రొట్టె పంచుట. తలుపు తట్టిన ప్రతిసారియు ప్రభువే తట్టుచున్నాడని తలచి లేచి పోయెడివాడు. మన పాఠశాలలలో గంటకొట్టి, గేటు తీసి, హాజరుపట్టీలు గది గదికి మోయు మనిషిని తలచుకొనండి. ఆయన ఉద్యోగము అంతకంటె గొప్పది కాదు.

ఆ కళాశాలకు పీటరు క్లావరు అను యువకుడు చదువుకొనుటకు వచ్చెను. తత్త్వశాస్త్రము చెప్పు ఆచార్యులు అనేకులు ఉండగా, ఆ విద్యార్థి జీవితమునకు దారి చూపినవాడు ఈ ద్వారపాలకుడు. ఇద్దరును సాయంకాలములు కూర్చుండి మాటాడుకొనెడివారు. సముద్రము ఆవల నీ పని ఉన్నదని వృద్ధుడు ఆ యువకుని పురికొల్పినాడు. 1610లో క్లావరు దక్షిణ అమెరికాలోని కార్తహేనా రేవునకు చేరెను. ఆఫ్రికానుండి బానిసలను కుక్కి తెచ్చు ఓడలు అచ్చట దిగెడివి. ఆ ఓడల అడుగు అరలలోనికి దిగి, పుండ్లు కడిగి, నీళ్ళు త్రాగించి, సుమారు 40 ఏండ్లు గడపినాడు. గురుశిష్యులిద్దరిని 1888లో ఒకే దినమున పునీతులుగా ప్రకటించినారు. తలుపు తీసిన ముసలివాని కథ క్లావరు కథకు పీఠిక. బానిసవ్యాపారపు క్రౌర్యముతో పోల్చినచో అది చాలా చిన్న పీఠిక. ఆ వ్యాపారమే తప్పని ఎదిరించి నిలుపుటకు క్లావరు శక్తి చాలలేదు అనునదియు నిజమే. పుండు కడుగుట ఒకటి, కొరడాను లాగుకొనుట మరియొకటి. లోకమునకు రెండును కావలసి యున్నవి.

ఇక మన దేశమునకు వచ్చినచో, ఏలూరులో 1953లో సెయింట్ థెరిసా మహిళా కళాశాలను నెలకొల్పిన కన్యస్త్రీల సభ పేరు యేసు మరియ యోసేపు సభ. నజరేతులోని ఆ వడ్రంగి ఇంటి ముగ్గురి పేర్లే ఆ సభ పేరు. 1822లో హాలెండులో ప్రారంభమై 1904లో గుంటూరు చేరినది. ఆస్ట్రేలియానుండి వచ్చి 1920లో ఈ సభలో చేరిన మేరీ గ్లౌరీ అను వైద్యురాలు గుంటూరు సెయింట్ జోసెఫ్ ఆసుపత్రిలో దశాబ్దములు పనిచేసి 1957లో మరణించినది. కన్యస్త్రీగా ఉండి వైద్యము చేయుటకు పోపుగారి ప్రత్యేకానుమతి కావలసివచ్చిన దినములవి. ఆమె ఇచ్చటి స్త్రీలకు మందులు కలుపుట, పురుళ్ళు పోయుట నేర్పినది.

గుండుగొలనుకు పడమటగా, గన్నవరము దగ్గరి పెద అవుటపల్లిలో ఒక సమాధి ఉన్నది. జోసెఫ్ తంబి గారిది. తమిళదేశమునుండి వచ్చిన ఫ్రాన్సిస్కను మూడవసభ సభ్యుడు. గురువు కాడు, పీఠాధిపతి కాడు. 1945 జనవరి 15న చనిపోయినాడు. ఏటేట జనవరిలో అచ్చట చేరు జనము వేలలో ఉండును. జనులు ఆయన మహిమలనే ఎక్కువగా చెప్పుకొందురు. ఏ పదవియు లేని మనిషి సమాధికి ఇంతమంది కూలిజనము నడిచివచ్చుట నాకు అంతకంటె వింతగా తోచును.

జోసెఫ్ తంబి పేరైనను మిగిలినది. మన పల్లెల ఉపదేశుల పేర్లు చాలవరకు మిగులలేదు. గురువు ఏ నెలకో రెండు నెలలకో ఒకసారి వచ్చు కాలమున, మిగిలిన దినములన్నియు ఉపదేశివే. తాటాకు పాకలో పగలు పిల్లలచేత ఓనమాలు దిద్దించుట, చేలనుండి పెద్దలు తిరిగివచ్చిన తరువాత లాంతరు వెలుగున జపములు నేర్పుట, రోగికడ కూర్చుండుట, చనిపోయినవారిని సాగనంపుట, పేటవారి అర్జీలు వ్రాసిపెట్టుట. జీతము స్వల్పము. ఈ జిల్లాలో మొదటి తరము దళిత ఉపాధ్యాయులు, గుమాస్తాలు, నర్సులు పలువురు అట్టి పాకబళ్ళనుండియే వచ్చినారు. అక్షరము దిద్దించుటకంటె చిన్నపని ఏమున్నది? ఆ చిన్నపని వలననే నారుకట్టను దింపి వేరొక పని ఎన్నుకొను స్వేచ్ఛ కొందరికి కలిగినది. పనిని పవిత్రము చేసినవారు పనిని మార్చుకొను తలుపు కూడ తెరచినారు. ఈ రెంటిలో మొదటిదానినే పొగడు ప్రసంగములు నాకు అంతగా రుచింపవు.

పాత కతోలిక పల్లెలలో దినమునకు మూడుసార్లు గుడిగంట మ్రోగెడిది. ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము, త్రికాలజపమునకు. ఫ్రెంచి చిత్రకారుడు మిలే 1850ల చివర చిత్రించిన ప్రసిద్ధమైన పటములో, ఉర్లగడ్డల చేనిలో భార్యాభర్తలు పని ఆపి, తలలు వంచి నిలిచియుందురు. దూరమున గుడిశిఖరము. మన చేలలో ఆ గంట మరొక ఉపకారమును చేసెడిది. గడియారము లేని కూలివారికి మధ్యాహ్నమైనదని తెలియును, చద్దిమూట విప్పుకొనవచ్చును. జపము ఒక నిమిషము, విశ్రాంతి కొంతసేపు. పెక్కు చేలు చేపల చెరువులైన పిమ్మట ఆ చోట్ల ఊడ్పుపాటలును లేవు, అంతమంది ఆడకూలీలును లేరు. చెరువుకు గట్టుపై కాపలాదారు ఒకరు, పడవపై పోయి కర్రలకు తవుడు సంచులు కట్టువారు ఇద్దరు చాలుదురు.

గుడిలో ఏడాదికొకసారి పెద్ద గురువారమునాడు గురువు పన్నెండుమంది పాదములు కడుగు ఆచారమున్నది. యేసు కడపటి రాత్రి శిష్యుల పాదములు కడిగినదానికి గుర్తు. చిరకాలము ఆ పన్నెండుమందియు పురుషులే కావలెనని నియమముండెను. 2016 జనవరిలో ఆ నియమమును సవరించి, స్త్రీలను కూడ ఆ వరుసలో కూర్చుండబెట్టవచ్చునని రోమునుండి ఆజ్ఞ వచ్చినది. ఈ డెల్టాలో సార్వాకును దాళ్వాకును మోకాటిలోతు బురదలో దిగు పాదములలో ఎక్కువ స్త్రీలవి. పెద్ద గురువారము దాళ్వా చేలు పండుచున్న దినములలో వచ్చును.